సుద్దవాగు దుంపలు

ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలు. రాత్రంతా పడ్డ వాన వెలిసింది. ఎండ పల్చగా ఉంది. గాలి చల్లగానే ఉంది గానీ, వణికించేంత కాదు.

అనగనగా ఇంగ్లండు అనే దేశం. ఆ దేశం దక్షిణాన ఒక చిన్న ఊరు. ఆ ఊరి కింద అంతా సుద్ద. బళ్ళో బోర్డు మీద రాస్తామే, అలాంటి తెల్లటి సుద్ద. చలికాలం కురిసిన వానలన్నీ ఆ సుద్ద తాగేస్తుంది. తాగి, వడగట్టి, వసంతం వచ్చేసరికి ఊటలుగా వదిలిపెడుతుంది. ఆ ఊటలన్నీ కలిసి ఊరి పక్కన ఒక వాగు.

ఆ వాగు నీళ్ళు అద్దం కంటే తేట. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. చేప కన్ను మూస్తే కనిపిస్తుందేమో అన్నట్టుంటుంది. చేపలకు రెప్పలు లేవనుకోండి. ఊఁ కొట్టండి మరి.

ఆ ఊళ్ళో హైమావతి అని ఒక ఇల్లాలు. నలభై నాలుగేళ్ళు. మొగుడికి ఓడ మీద ఉద్యోగం. ఆరు నెలలకోసారి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది లిఖిత, పదకొండేళ్ళది. చిన్నది తన్మయి, ఆరేళ్ళది. హైమావతి వాళ్ళమ్మ సూరాయమ్మ. ఆవిడ గోదావరి కాలవల ఊరు విడిచి, పుష్యమాసం చలిలో కూతురింటికి వచ్చింది.

వచ్చిందే గానీ ఏం సుఖం. నాలుగు నెలలు కిటికీ పక్కనే కూర్చుంది. కాలు మట్టి తొక్కలేదు. చెయ్యి ఆకు తుంచలేదు. "ఈ ఊళ్ళో సూర్యుడు కూడా సెలవు పెడతాడేమిటే," అనేది.

అయితే ఒక్కటి మాత్రం ఏ రోజూ మానలేదు. రోజూ రాత్రి పిల్లలకు కథ చెప్పేది. పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. కథ అయిపోయాక ఒక పాట.

"కథ పోయె కంచికి,
కాళ్ళు వచ్చె ఇంటికి,
కునుకు వచ్చె కంటికి,
ఎందరొస్తిరి ఇంటికి?"

అప్పుడు అందరి ముక్కులూ ముట్టుకుని లెక్కపెట్టేది. లిఖిత ఒకటి. తన్మయి రెండు. గుమ్మంలో నిలబడ్డ హైమ మూడు. చివరికి తన ముక్కు తనే ముట్టుకుని, "ముసలిది నాలుగు. అందరూ వచ్చేశారు, తలుపెయ్యండి," అనేది. ఆ మాట వింటే గాని తన్మయి కళ్ళు మూసేది కాదు.

ఆ ఆదివారం ఎండ చూసి హైమ అంది, "అమ్మా, వాగు గట్టున నడిచొద్దామా. వంతెన దాకా వెళ్ళి, అక్కడ తిని వచ్చేద్దాం."

అప్పుడు సూరాయమ్మ నేతచీర మీద స్వెట్టరూ, దాని మీద అల్లుడి పాత కోటూ వేసుకుంది. తన్మయి ఎర్ర రబ్బరు బూట్లు తొడుక్కుంది. లిఖిత పులిహోర డబ్బా పట్టుకుంది. నలుగురూ బయల్దేరారు.

గట్టు మొదట్లో చిన్న తోపు ఉంది. చెట్ల కింద వెడల్పాటి ఆకులు, తెల్లటి పూలు పరుచుకుని ఉన్నాయి. సూరాయమ్మ చటుక్కున వంగింది.

"ముట్టుకోకమ్మా," అంది హైమ. "ఇక్కడ ఏది ఏమిటో మనకు తెలీదు."

"నీకు కొట్లో సంచిలో పెట్టి అమ్మితే చాలు, గడ్డైనా వండేస్తావు." సూరాయమ్మ ఆకు నలిపి కూతురి ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేమిటో చెప్పు."

"వెల్లుల్లి వాసన."

"మరి?"

హైమ ఫోను తీసి చూసింది. అడవి వెల్లుల్లే. తింటారట. ఆవిడ ఫోను జేబులో పెట్టేసుకుంది. సూరాయమ్మ ఆకు కొంచెం నమిలి, పిల్లలకూ తలో తుంపు పెట్టింది. లిఖిత మొహం చిట్లించి, తర్వాత ఇంకో తుంపు అడిగింది.

ఆ తర్వాత గట్టు వెంట నడిచారు. నీళ్ళలో పొడుగాటి పాచి జడలు విప్పుకున్నట్టు ఊగుతోంది. దాని మీద చిన్నచిన్న తెల్లపూలు. తన్మయి కాలు పెట్టబోయింది. "మోకాల్లోతే కదా," అంది. హైమ చెయ్యి పట్టి లాగింది. ఆ నీళ్ళు అంత తేట కాబట్టి లోతు తెలీదు. మోకాలనుకుంటే నడుము దాకా ఉంటుంది.

కొంచెం దూరం పోయాక, నీళ్ళ అంచున పచ్చటి గుండ్రటి ఆకుకూర గుంపుగా ఉంది. సూరాయమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు తడిసినా చూసుకోలేదు.

"చూడవే. పొన్నగంటి కూరకి చెల్లెల్లా ఉంది." ఒక ఆకు నోట్లో వేసుకుంది. "ఆవపిండి ఘాటు. పప్పులోకి దివ్యంగా ఉంటుంది."

"అమ్మా, ఆగవే," అంది హైమ. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

అక్కడే నీళ్ళలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చంకల దాకా వచ్చే రబ్బరు పంట్లాం. చేతిలో పొడుగాటి కొడవలి. ఆయన పేరు హారిస్. వాగు కాపరి. పాచి కొయ్యడం, కోసుకుపోయిన గట్లు సరిచెయ్యడం ఆయన పని. ఆయన సూరాయమ్మ చేతిలో ఆకు చూసి నవ్వాడు.

"మంచిదే," అన్నాడు. "మీ అమ్మగారికి బాగా తెలుసే. ఇంటికెళ్ళి బాగా కడిగి వండుకోమనండి."

హైమ ఆ మాట తెలుగులో చెప్పింది. సూరాయమ్మ కోటు సర్దుకుంది. "ఆ ముసలోడికున్న బుద్ధి నా కూతురికి లేదు," అంది.

"అమ్మమ్మ రెండు, అమ్మ సున్నా," అంది లిఖిత.

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. ఆవిడ నాలుగు నెలలుగా తల్లి నవ్వు చూడలేదు.

ఆ తర్వాత వాగు వంపు తిరిగింది. చలికాలం వరదకి అక్కడ గట్టు కోసుకుపోయి ఉంది. కోసుకుపోయిన చోట మట్టిలోంచి తెల్లగా ఏవో వేలాడుతున్నాయి. వేళ్ళలాంటి దుంపలు, గుత్తిగా. పైన ఆకు లేదు. కాడ ఏనాడో నీళ్ళకి కొట్టుకుపోయింది.

సూరాయమ్మ ఆగిపోయింది.

"పిల్లి పీచర," అంది. "హైమా, నువ్వు పుట్టినప్పుడు నాకు పాలు పడటానికి మా అమ్మ తవ్వి తెచ్చిన దుంపలు. చిన్నప్పుడు మేం తేగల్లా నమిలేవాళ్ళం. ఇక్కడికెలా వచ్చిందే ఇది."

హైమ ఫోను జేబులోనే ఉంది. తియ్యలేదు. హారిస్ వంపు అవతల ఉన్నాడు. కేక వేస్తే వినిపించే దూరమే. వెయ్యలేదు. రెండుసార్లు వద్దంది, రెండుసార్లూ తన మాటే తప్పయింది. మూడోసారి ఏమీ అనలేదు.

సూరాయమ్మ ఒక గుత్తి లాగింది. వాగులో కడిగింది. ఒక దుంప తొక్క గోటితో గీకి, కొరికి నమిలింది. "తియ్యగా ఉంది," అంది. దుంప మొత్తం తిన్నది. మిగిలిన మూడు దుంపలు కొంగున ముడేసుకుంది.

"నాకు, నాకు," అని తన్మయి కోటు పట్టుకుని లాగింది.

"ఇప్పుడు కాదు తల్లీ. కొత్త చోట తవ్విన దుంప ముందు ముసలిది తినాలి. పొద్దు మారాలి. అప్పుడు పిల్లలు. మా అమ్మ పెట్టిన కట్టు అది. రేపు పొద్దున్న పెడతాను."

తన్మయి ఏడుపు మొదలెట్టింది. అది గట్టు మీద కూలబడి, బూట్లు నేలకేసి కొట్టింది.

"ఒక్క ముక్క పెట్టమ్మా," అంది హైమ. "ఇందాకటివి పెట్టావు కదా. రెండుసార్లూ నువ్వే గెలిచావు."

"అవి వాసన చెప్పాయి. ఇది చెప్పలేదు. రేపే."

ఇక్కడ వినండి. ఊఁ కొట్టకపోయినా పర్లేదు.

సూరాయమ్మ ముడి వదులైందని కొంగు కూతురికిచ్చి, "కాస్త గట్టిగా కట్టవే," అని అటు తిరిగి నీళ్ళు చూస్తూ నిలబడింది. అప్పుడు హైమ ముడి విప్పింది. మూడింట్లో చిన్న దుంప ఒకటి తీసింది. తన్మయి గుప్పిట్లో పెట్టింది. చెవిలో చెప్పింది.

"అమ్మమ్మ చూడకుండా తినెయ్. చెప్పకు."

తన్మయి ఏడుపు ఆపింది. హైమ ముడి గట్టిగా కట్టింది.

వంతెన దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. చెక్క వంతెన, పక్కన ఒక బల్ల. నలుగురూ పులిహోర తిన్నారు. అవతలి గట్టున బూడిదరంగు కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"అదుగో మన కొంగ," అంది సూరాయమ్మ. "దీనికి వీసా ఎవరిచ్చారో."

"కథ చెప్పు అమ్మమ్మా," అంది లిఖిత.

"పగలా?"

"ఇక్కడ పగలైనా చీకటేనని నువ్వే అన్నావుగా."

సూరాయమ్మ నవ్వి మొదలెట్టింది. "అనగనగా ఒక కొంగ. దానికి మూడు పిల్లలు."

"ఊఁ."

"మొదటి పిల్లకి చేప కావాలంది. కొంగ తెచ్చింది. రెండో పిల్లకి తామర గింజ కావాలంది. తెచ్చింది."

"ఊఁ."

"మూడో పిల్లకి మెత్తటి పడక కావాలంది. కొంగ ఎగిరి ఎగిరి నీళ్ళ మీద వాలింది. అప్పుడు..."

"ఊఁ," అన్నారు పిల్లలు.

సూరాయమ్మ పెదవులు తడుపుకుంది. "అప్పుడు..."

"ఊఁ."

ఆవిడ చెయ్యెత్తి నోరు ముట్టుకుంది. తన నోరు కాదేమో అన్నట్టు ముట్టుకుంది. మొహం సుద్దలా తెల్లబడింది.

"నాలిక మొద్దుబారిందే హైమా," అంది. మాట ముద్దగా వచ్చింది. తర్వాత కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆ దుంప... పిల్లలకి పెట్టలేదుగా?"

హైమ తల్లి మొహంలోకి చూసింది.

"లేదమ్మా."

సూరాయమ్మ తలూపింది. ఆ తర్వాత దవడ బిగుసుకుపోయింది. ఒళ్ళంతా విల్లులా వంగింది. బల్ల మీంచి కింద పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. పులిహోర డబ్బా దొర్లి వాగులో పడింది.

లిఖిత కేక విని హారిస్ పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు ఓడుతూ వచ్చాడు. సూరాయమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. అప్పుడు ఆవిడ కొంగు ముడి చూశాడు. విప్పాడు. రెండు తెల్లటి దుంపలు.

"ఇది ఎవరెవరు తిన్నారు?"

హైమకి ఇంగ్లీషు రాలేదు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్న భాష, ఆ క్షణాన రాలేదు.

"అమ్మా, చెప్పు," అంది లిఖిత. "అమ్మమ్మ ఒక్కర్తే తింది అని చెప్పు."

"గట్టు కోసుకుపోయిన చోటివి కదూ," అన్నాడు హారిస్. "ఆవు తింటే ఆవు చస్తుంది. ఒక్క దుంప చాలు. ఈ పిల్లలు తిన్నారా? అది చెప్పండి ముందు."

అప్పుడు హైమ చెప్పింది. "చిన్నదానికి నేనే ఇచ్చాను."

లిఖిత తల్లి వైపు చూసింది.

హైమ తన్మయి భుజాలు పట్టుకుంది. "తిన్నావా? నిజం చెప్పు. నేను కొట్టను. తిన్నావా?"

తన్మయి తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కాళ్ళ వైపు చూసింది. చెప్పకు అంది కదా అమ్మ. ఎదురుగా అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ వింటుంది.

ఆ తర్వాత అంబులెన్సు వచ్చింది. నలుగురినీ ఎక్కించుకుంది. హారిస్ రెండు దుంపలూ ఒక సంచిలో వేసి ఇచ్చాడు. డాక్టర్లకి చూపించమన్నాడు. అంబులెన్సులో లిఖిత చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది. "తిన్నావే?" తన్మయి రెండు చేతులతో నోరు మూసుకుంది. పక్కన సూరాయమ్మకి మళ్ళీ మూర్ఛ వచ్చింది.

హైమ చిన్నకూతురి పెదవులనే చూస్తూ కూర్చుంది. అవి తెల్లబడుతున్నాయా అని. ఇటు తల్లి చెయ్యి, అటు కూతురి గడ్డం. వాగు నుంచి ఆస్పత్రికి ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఆవిడ ఏ దేవుణ్ణీ తల్చుకోలేదు. పేర్లు గుర్తు రాలేదు.

ఆస్పత్రిలో సూరాయమ్మని ఒక తలుపులోంచి తీసుకుపోయారు. తన్మయిని ఇంకో తలుపులోంచి. హైమ రెండు తలుపుల మధ్య నిలబడింది. ఏ వైపు కాలు వెయ్యాలి? ఒక్క క్షణం. తర్వాత కూతురి వైపు వేసింది.

ఒక నర్సు తన్మయిని మంచం మీద కూర్చోబెట్టింది. అడిగింది. తన్మయి మళ్ళీ కాళ్ళ వైపు చూసింది. ఇది మూడోసారి. అప్పుడు నర్సు పిల్ల కోటు విప్పింది. ఆ తర్వాత ఎర్ర బూట్లు లాగింది. కుడి బూటు వచ్చింది. ఎడమ బూటు రాలేదు. తన్మయి వేళ్ళు ముడిచి గట్టిగా పట్టుకుంది.

"వద్దు," అంది. గంటన్నరలో అదే మొదటి మాట.

నర్సు మెల్లగా లాగింది. బూటు ఊడింది. దాంతోపాటు మేజోడు జారింది. మేజోడులోంచి తెల్లటి దుంప ఒకటి నేల మీద పడి దొర్లింది.

హైమ వంగి తీసింది. వెలుతురులో పెట్టి చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. ఎక్కడా కొరికిన గుర్తు లేదు. పంటి గాటు ఒక్కటి లేదు.

"ఎందుకు తినలేదమ్మా?"

"పొద్దు మారాలంది కదా అమ్మమ్మ," అంది తన్మయి. "రేపు తిందామని దాచుకున్నా. నువ్వు తిడతావా?"

హైమ నేల మీద కూర్చుండిపోయింది. కూతురి తడి మేజోడు మొహానికి అద్దుకుంది.

ఆ తర్వాత లేచి రెండో తలుపు లోపలికి వెళ్ళింది. సూరాయమ్మ నోట్లో గొట్టం ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. ఒంటి మీద నేతచీర లేదు, ఆస్పత్రి గుడ్డ ఉంది. హైమ చెవి దగ్గర కూర్చుంది.

"అమ్మా. పిల్లలు తినలేదు."

సూరాయమ్మ విన్నదో లేదో తెలీదు.

"నేను ఇచ్చాను. నీకు అబద్ధం చెప్పాను. అయినా అది తినలేదు. నీ మాటే విన్నది."

గొట్టంలో గాలి పోయింది, వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుంటే, పొద్దున్న నలిపిన ఆకు వాసన వేళ్ళకి ఇంకా ఉంది. వెల్లుల్లి వాసన.

మొదటి రోజు సూరాయమ్మకి మూర్ఛలు ఆగలేదు. రెండో రోజు ఆగాయి. డాక్టరు ఆశ పెట్టుకోవచ్చు అనలేదు, వద్దు అనలేదు. మూడో రోజు తెల్లవారుజామున వాన మొదలైంది. వాన వెలిసేలోపు సూరాయమ్మ పోయింది.

హారిస్ ఆ వంపు దగ్గర దుంపలన్నీ తవ్వి తీసేశాడని తర్వాత తెలిసింది. ఆయన ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, కడిగిన పులిహోర డబ్బా ఇచ్చాడు. పాచిలో చిక్కుకుని దొరికిందట. లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి హైమ పిల్లల గదిలోకి వెళ్ళింది. దుప్పటి కప్పింది. దీపం తీసెయ్యబోయింది.

"కథ," అంది తన్మయి.

హైమకి కథలు రావు. ఒక్కటే వచ్చు, అదీ సగం. మంచం అంచున కూర్చుంది.

"అనగనగా ఒక కొంగ," అంది. "దానికి మూడు పిల్లలు."

"ఊఁ."

"మొదటి పిల్లకి చేప తెచ్చింది. రెండో పిల్లకి తామర గింజ తెచ్చింది. మూడో పిల్ల కోసం ఎగిరి ఎగిరి నీళ్ళ మీద వాలింది. అప్పుడు..."

"ఊఁ."

హైమ ఆగింది.

"అప్పుడేమైంది?" అంది తన్మయి.

"తెలీదమ్మా. అమ్మమ్మ చెప్పలేదు."

లిఖిత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వాగు దగ్గర నుంచి అది తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడు అటు తిరిగే అంది. "పాటైనా చెప్పు."

హైమ చెప్పింది. రాగం రాలేదు. మాటలే చెప్పింది.

"కథ పోయె కంచికి,
కాళ్ళు వచ్చె ఇంటికి,
కునుకు వచ్చె కంటికి,
ఎందరొస్తిరి ఇంటికి?"

తన్మయి కళ్ళు తెరిచే ఉంది. లెక్క వింటే గాని అది మూయదు.

హైమ చెయ్యి చాపింది. పెద్దదాని ముక్కు ముట్టుకుంది. లిఖిత తప్పించుకోలేదు.

"లిఖిత ఒకటి."

చిన్నదాని ముక్కు ముట్టుకుంది.

"తన్మయి రెండు."

ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. అప్పుడు లిఖిత ఇటు తిరిగింది. దుప్పట్లోంచి చెయ్యి తీసి, తల్లి ముక్కు మీద వేలు పెట్టింది.

"మూడు," అంది.

కాసేపు అందరూ ఎదురుచూశారు. తర్వాత హైమ లేచి తలుపేసింది.